ఏడేళ్లయింది, విశ్వాసంలో ఎదిగానా అంటే జవాబు దొరకడం లేదు

ఆవగింజ
సోమవారం, రాత్రి 11:42

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

నేను బాప్తిస్మం తీసుకుని ఏడేళ్లయింది. మొదట్లో బైబిల్ తెరిస్తే చాలు, కళ్లు చెమర్చేవి. ప్రార్థనకు కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఇప్పుడూ ప్రతి ఉదయం అరగంట చదువుతున్నాను. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో అని పట్టిక పెట్టుకుని రెండుసార్లు పూర్తి చేశాను. ప్రార్థన మానలేదు, ఆదివారం ఆరాధన మానలేదు. కానీ లోపల ఏమీ కదలడం లేదు. చదివింది కళ్ల దగ్గరే ఆగిపోతోంది.

అసలు బాధ అది కూడా కాదు. మా నాన్నగారికి వయసు మీద పడి మరపు వచ్చింది. అడిగిందే అడుగుతారు. "ఈ రోజు ఏ వారంరా?" మూడుసార్లు మామూలుగానే చెబుతాను. నాలుగోసారికి కసురుతాను. నిన్న ఉదయం గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం చదువుతున్నాను. దీర్ఘశాంతం, అంటే ఓర్పు, అన్న మాట మీద వేలు ఉంది. ఆ వేలు తీయకుండానే ఆయన మీద అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి మళ్లీ వచ్చి అదే అడిగారు.

ఒక పెద్దాయనకు ఇదంతా చెప్పుకున్నాను. "నీలో ఎక్కడో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే దేవుడు ముఖం దాచుకున్నాడు" అన్నారు. అప్పటి నుంచి నాలో నేను వెతుక్కుంటూనే ఉన్నాను. గుర్తొచ్చినవన్నీ ఒప్పుకున్నాను, ఒప్పుకున్నవే మళ్లీ ఒప్పుకున్నాను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

ఎదుగుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది? ఏడేళ్లకు ఇంతేనా?

కొత్తచిగురు
మంగళవారం, ఉదయం 6:15

అన్నా, నేను నమ్ముకుని ఎనిమిది నెలలే అయింది. మీకు చెప్పేంత దాన్ని కాను. కానీ మీరు రాసింది చదివి నాకూ భయం వేసింది. ఇప్పుడు నాకున్న ఈ సంతోషం కూడా ఒకరోజు ఆరిపోతుందా? పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఎమ్మాయుదారి
మంగళవారం, ఉదయం 9:30

తమ్ముడూ, వందనాలు. చెల్లెమ్మకు కూడా ఇందులోనే జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మార్కు 4:26-29 చదువు. ఆవగింజ ఉపమానానికి ముందే ఉంటుంది, చిన్నది, చాలామంది దాటిపోతారు. ఒక మనిషి విత్తనం చల్లుతాడు. రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. అతనికి తెలియని రీతిగా అది మొలిచి పెరుగుతుంది. మొదట మొలక, తరువాత వెన్ను, అటు తరువాత వెన్నులో ముదురు గింజలు. చల్లినవాడికే తెలియదు అన్నాడు ప్రభువు. ఎదుగుదలను ఏ రోజుకా రోజు కళ్లతో చూడగలమని ఆయన మనకెప్పుడూ మాట ఇవ్వలేదు. రోజూ మట్టి తవ్వి వేరు ఎంత దిగిందో చూసేవాడి మొక్క బతకదు. నువ్విప్పుడు చేస్తున్నది అదేనేమోనని నా భయం.

ఇక పొడిబారడం గురించి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ సంగతి తెలుసు కదా. 1738 మే 24 సాయంత్రం ఒక కూడికలో కూర్చుని ఉండగా తన గుండె వింతగా వెచ్చబడిందని, క్రీస్తు తన పాపాలను తీసివేశాడన్న నిశ్చయత కలిగిందని రాసుకున్నాడు. అందరూ ఈ సాక్ష్యం చెబుతారు. ఏడాది తిరగకముందే, 1739 జనవరిలో, అదే మనిషి తన దినచర్యలో తాను క్రైస్తవుడిని కానని రాసుకున్నాడు. ప్రేమ లేదు, సంతోషం లేదు, సమాధానం లేదు అని బాధపడ్డాడు. ఆ తర్వాత మూడు నెలలకే ఆరుబయట నిలబడి పామరులకు సువార్త చెప్పడం మొదలుపెట్టి, 1791లో చనిపోయేదాకా యాభై ఏళ్లకు పైగా ఆగలేదు. జనవరిలో లోపల ఏమీ అనిపించనప్పుడు కూడా దేవుడు ఆయనలో పనిచేస్తూనే ఉన్నాడు.

చెల్లెమ్మా, సంతోషం తగ్గే రోజులు వస్తాయి. వచ్చినప్పుడు దేవుడు వెళ్లిపోయాడని అనుకోవద్దు. ఇప్పుడున్న సంతోషాన్ని భయంతో పాడుచేసుకోవద్దు.

కాపరికర్ర
మంగళవారం, మధ్యాహ్నం 1:05

ప్రైజ్ ది లార్డ్. పెద్దలు చెప్పింది ఓదార్పుగా ఉంది, కాదనను. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. నాన్నగారి మీద అరవడం పాపం. దాన్ని "ఎదుగుదల కనిపించదు" అన్న మాట కింద దాచిపెట్టకూడదు.

హెబ్రీయులకు 5:12 చూడండి. కాలాన్నిబట్టి చూస్తే మీరు బోధకులుగా ఉండవలసినవారు, ఇంకా పాలు కావలసి వస్తోంది అని ఆ సంఘాన్ని గద్దించాడు. అంటే ఎన్నేళ్లయిందని లెక్క అడగడం తప్పు కాదు, వాక్యమే అడుగుతోంది. 2 పేతురు 1:5లో "పూర్ణజాగ్రత్తగలవారై" అని ఉంది. విశ్వాసానికి సద్గుణం, దానికి జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదరప్రేమ, దయ, ఇలా ఒకదానికొకటి అమర్చుకోమన్నాడు. వాటంతట అవే వస్తాయనలేదు.

ఉపవాసం ఉండండి. నోటికి కావలి ఉంచమని కీర్తనకారుడిలా ప్రార్థించండి. మనం ఈ రోజుల్లో ప్రయాస అనే మాటంటేనే భయపడుతున్నాం.

నిమ్మళం
మంగళవారం, రాత్రి 10:20

తమ్ముడూ, నేను వాక్యం తర్వాత చెబుతాను. ముందు ఒకటి అడుగుతాను. నువ్వు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? నాన్నగారిని చూసుకోవడంలో నీకు తోడు ఎవరైనా ఉన్నారా?

మా అత్తగారు రెండేళ్లు మంచంలో ఉన్నారు. అన్నీ నేనే చేసేదాన్ని. ఆ రెండేళ్లలో ఒక్క అధ్యాయం కుదురుగా చదివిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకూ కోపం వచ్చేది. ఆ కోపానికి పేరు పెట్టలేక దాన్ని ఆత్మీయ పతనం అనుకున్నాను. చాలావరకు అది అలసట.

ప్రవక్త ఏలీయాను చూడు. 1 రాజులు 19. నేను చనిపోతాను, చాలు అని బదరీ వృక్షం కింద పడుకున్నాడు. దేవుడు అక్కడ గద్దింపు పంపలేదు. దూతను పంపాడు, ఆ దూత తట్టి లేపి భోజనం చేయమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని. హోరేబు కొండ మీద దేవుని నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాతే. నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను.

ఇంకో మాట. మరపు ఉన్నవాళ్లకు ఇంతకు ముందు అడిగిన సంగతే గుర్తుండదు. నీకది నాలుగోసారి. ఆయనకు ప్రతిసారీ మొదటిసారే. ఇది నాకు తెలిశాక నా గొంతు చాలా మారింది. పెద్ద అక్షరాలతో వారం, తేదీ రాసి ఆయనకు కనబడేచోట పెట్టు. డాక్టర్‌కు చూపించావా? థైరాయిడ్ సమస్య వల్ల, బీ12 తక్కువై కూడా మరపు వస్తుంది, వాటికి మందులున్నాయి. నీ నిద్ర సంగతి కూడా చెప్పు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

ఎమ్మాయుదారి
బుధవారం, ఉదయం 8:10

నిమ్మళం అక్కా, నేను వదిలేసింది మీరు పట్టుకున్నారు. వందనాలు.

కాపరికర్ర బ్రదర్, మీరు చెప్పిన 2 పేతురు 1:5కి ముందు మూడో వచనం ఉంది. జీవానికీ భక్తికీ కావలసినవన్నీ ఆయన దైవశక్తి మనకు దయచేస్తోంది కాబట్టి, "ఆ హేతువుచేతనే" మీరు జాగ్రత్తపడండి అంటున్నాడు. ఫిలిప్పీ 2:12, 13 కూడా అంతే. భయంతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి అని 12లో ఉంది. మీరు ఇచ్ఛయించడానికీ కార్యసిద్ధి కలుగజేసుకోవడానికీ మీలో పనిచేసేది దేవుడే అని 13లో ఉంది. పన్నెండు లేకపోతే సోమరితనం. పదమూడు లేకపోతే ఈ తమ్ముడిలా రాత్రుళ్లు నిద్ర పట్టదు.

ఆ పెద్దాయన చెప్పిన "దాచిన పాపం" మాట గురించి నాకు బాధగా ఉంది. కష్టాల్లో ఉన్న యోబుకు అతని స్నేహితులు అధ్యాయాల తరబడి చెప్పింది అదే. చివరికి యోబు 42:7లో దేవుడు వాళ్లు తన గురించి యుక్తమైనది పలకలేదని కోపపడ్డాడు. తెలిసిన పాపం ఉంటే ఒప్పుకోవాలి. నువ్వు ఒప్పుకున్నావు. 1 యోహాను 1:9 ప్రకారం ఆయన నమ్మదగినవాడు, క్షమించాడు. క్షమించినదాన్ని మళ్లీ తవ్వి తీయడం పశ్చాత్తాపం అవదు.

88వ కీర్తన చదివావా? "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. కింద ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచాడు దేవుడు. 13వ కీర్తన కూడా చూడు. మూల హీబ్రూలో మొదటి రెండు వచనాల్లోనే "ఎంతవరకు" అన్న ఒకే మాట నాలుగుసార్లు వస్తుంది. దావీదు అడిగిందే అడిగాడు, దేవుడు విన్నాడు.

కాపరికర్ర
బుధవారం, రాత్రి 9:00

రాత్రంతా ఆలోచించాను. తమ్ముడూ, నేను నీ నిద్ర గురించి అడగకుండా ఉపవాసం గురించి చెప్పాను. క్షమించు. నిద్ర లేనివాడికి ముందు విశ్రాంతి కావాలి.

మా ఇంట్లో నా కోపం పన్నెండేళ్లు ఉంది. తగ్గింది ఎలాగో చెబుతాను. కోపం రాకుండా చేయమని ప్రార్థించినంతకాలం ఏమీ కాలేదు. ఒకసారి మా అబ్బాయి మీద అరిచాక, వాడు పడుకోకముందే వెళ్లి "నాన్న తప్పు చేశాడు, క్షమించు" అన్నాను. వాడికి అప్పుడు ఆరేళ్లు. ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమైందో ప్రభువుకు తెలుసు. ప్రతిసారీ అలా చేయడం మొదలుపెట్టాక, అరవబోయే ముందే ఆ క్షమాపణ గుర్తొచ్చేది. నేను ప్రయాస అన్నది ఇదే. మొదటే ఇలా చెప్పి ఉండాల్సింది.

మట్టికుండ
గురువారం, ఉదయం 7:25

చదివే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను ఆ ఒక్కటే రాస్తాను.

ఏడాది పట్టిక చెడ్డది కాదు. బైబిల్ మొత్తం తెలియాలంటే ఒకటి రెండుసార్లు అలా చదవాలి. కానీ నాలుగు అధ్యాయాలు అరగంటలో అంటే అధ్యాయానికి ఏడెనిమిది నిమిషాలు. కళ్లు దాటి లోపలికి దిగే వ్యవధి ఏది? ఒక ఏడాది పట్టిక పక్కన పెట్టండి.

1535లో ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్‌ను, ఆయనకు క్షౌరం చేసే పీటర్ అనే మనిషి ప్రార్థన ఎలా చేయాలని అడిగాడు. లూథర్ అతనికోసం చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో చెప్పిన పద్ధతి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఒక ఆజ్ఞనో ఒక వచనాన్నో తీసుకుని నాలుగు పేటల తాడులా పేనాలి. ఇది నాకేం నేర్పుతోంది? దీన్నిబట్టి దేనికి కృతజ్ఞత చెప్పాలి? దేన్ని ఒప్పుకోవాలి? ఏం అడగాలి?

23వ కీర్తన మొదటి వచనమే తీసుకోండి. యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు. నేర్పేది: నేను గొర్రెను, దారి తెలిసినవాడు వేరే ఉన్నాడు. కృతజ్ఞత: నిన్నటి దినం నన్ను దాటించాడు. ఒప్పుకోలు: నాకు ఓపిక లేదని విసుక్కున్నాను, ఆయన్ని అడగనే లేదు. మనవి: ఈ ఒక్క పూటకు కావలసిన ఓపిక ఇవ్వు ప్రభువా. పది నిమిషాలు చాలు. మధ్యలో ఒక ఆలోచన దగ్గర మనసు నిలిచిపోతే మిగిలినవి వదిలేసి అక్కడే ఆగి వినమని కూడా లూథరే చెప్పాడు.

ఆ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి. రోజుకొకటి. గట్టిగా చదవండి, చెవికి కూడా వినపడాలి.

కొత్తచిగురు
గురువారం, మధ్యాహ్నం 2:40

ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఒక సందేహం. ఎక్కువసేపు ప్రార్థించకపోతే ఎదగలేమా? మా కూడికలో కొందరు గంటసేపు ప్రార్థిస్తారు. నాకు ఐదు నిమిషాలకే మాటలు అయిపోతాయి.

నిమ్మళం
గురువారం, మధ్యాహ్నం 3:15

యేసు చెప్పిన ఉపమానంలో సుంకరి, అంటే పన్ను వసూలుచేసేవాడి ప్రార్థన ఎంతసేపు పట్టిందమ్మా? "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అంతే. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. ఐదు నిమిషాలు నిజంగా మాట్లాడు. మాటలు అయిపోతే ఊరికే ఆయన సన్నిధిలో కూర్చో.

వేకువ
శుక్రవారం, ఉదయం 5:50

మేము కతోలికులం. ఇక్కడ చాలామంది వేరే సంఘాలవారని తెలుసు, అయినా పంచుకోవాలనిపించింది.

మదర్ తెరెసా 1997లో మరణించారు. ఆమె ఆంతరంగికంగా రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాలపాటు దేవుని సన్నిధి తనకు తెలియలేదని, లోపలంతా చీకటి అని ఆమె అందులో రాశారు. ఆ సంవత్సరాల్లోనే ఆమె రోజూ వేకువనే లేచి ప్రార్థించి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. నేనది చదివిన రోజున నా పొడిబారిన ప్రార్థన గురించి సిగ్గుపడటం మానేశాను.

ఎదుగుదలను ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. నాకు తోచింది చెబుతాను. పౌలు కొరింథీయులకు రాసినప్పుడు "అపొస్తలులలో తక్కువవాడను" అన్నాడు. ఎఫెసీయుల పత్రికలో "పరిశుద్ధులందరిలో అత్యల్పుడను" అని ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రికకు వచ్చేసరికి "పాపులలో నేను ప్రధానుడను". వెలుగుకు దగ్గరయ్యేకొద్దీ బట్టల మీది మరకలు బాగా కనిపిస్తాయి. ఏడేళ్ల కింద నాన్నగారి మీద అరిచి ఉంటే మీకు ఇంత బాధ కలిగేదా? ఒకసారి వెనక్కి తిరిగి నిజాయితీగా చూసుకోండి.

పేతురు సంగతి కూడా. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు రోజు తర్వాత, అన్ని అద్భుతాల తర్వాత, అంతియొకయలో కొందరికి భయపడి అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి తినడం మానేశాడు. పౌలు అందరి ముందూ నిలదీయాల్సి వచ్చింది. గలతీ రెండో అధ్యాయంలో ఉంది. అలాంటి పేతురే "కృపయందును జ్ఞానమందును అభివృద్ధి పొందుడి" అని రాశాడు.

ఒక్కరే మోయకండి. యాకోబు 5:16 పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించమంటోంది. విన్న వెంటనే తీర్పు చెప్పేవాళ్ల దగ్గరికి వద్దు. మాట బయటకు పొక్కనివ్వని ఒక్క మనిషిని వెతుక్కుని వారానికోసారి కలవండి.

ఆవగింజ
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:10

అందరికీ వందనాలు. ఇన్నాళ్లు జవాబు రాయనందుకు క్షమించండి.

నాన్నగారిని డాక్టర్‌కు చూపించాను. రక్త పరీక్షల్లో బీ12 తక్కువ ఉందని మందులు రాశారు. మరపు పూర్తిగా పోతుందని చెప్పలేదు. వయసు కూడా కారణమే అన్నారు. మా చెల్లి వారానికి రెండు రాత్రులు వచ్చి ఉంటోంది, ఆ రెండు రాత్రులూ నిద్రపోతున్నాను. మా సంఘంలో నాకంటే పెద్దవారైన ఒక అన్నతో శనివారాలు కలుస్తున్నాను. మొదటిసారి నేను చెప్పిందంతా విని ఆయన ఏమీ అనలేదు, నా చేయి పట్టుకుని ప్రార్థించారు.

13వ కీర్తనలో "ఎంతవరకు" అని నాలుగుసార్లు ఉందన్న మాట నన్ను వదల్లేదు. అది చదివిన రాత్రి చాలాసేపు ఏడ్చాను.

అయినా పోయిన వారం మళ్లీ కసిరాను. కాపరికర్ర అన్న రాసింది గుర్తొచ్చి వెంటనే వెళ్లి "నాన్నా, తప్పయింది, క్షమించు" అన్నాను. ఆయనకు నేను కసిరిన సంగతే గుర్తులేదు. "ఎందుకురా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక పక్కన కూర్చున్నాను.

అప్పటికి మట్టికుండ గారు చెప్పినట్టు 23వ కీర్తన రోజుకో వచనం చదువుతున్నాను, ఆరూ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చాను. ఆ రోజు ఆయన పక్కనే కూర్చుని గట్టిగా చదివాను. "యెహోవా నా కాపరి" అనగానే ఆయన అందుకున్నారు. "నాకు లేమి కలుగదు. పచ్చికగల చోట్లను ఆయన నన్ను పరుండజేయుచున్నాడు..." చివరి వచనం దాకా, ఒక్క మాట తప్పకుండా. ఈ రోజు ఏ వారమో తెలియని మనిషి! చిన్నప్పుడు ఎవరు నేర్పారో అడిగితే వాళ్లమ్మ అన్నారు.

ఇప్పుడు రోజూ ఇద్దరం కలిసే చెబుతున్నాం. నేను మొదలుపెడతాను, ఆయన పూర్తిచేస్తారు. కొన్నిసార్లు పూర్తిచేసి, మళ్లీ చెబుదామా అంటారు. చెబుతాం.

ప్రార్థన ఇంకా పొడిగానే ఉంది, అబద్ధం చెప్పను. ఉదయం కూర్చున్నప్పుడు ఇంకా ఏమీ అనిపించదు. కూర్చుంటున్నాను.

కొత్తచిగురు
ఆదివారం, రాత్రి 9:25

అన్నా, చదువుతూ ఏడ్చేశాను. నాన్నగారికి నా వందనాలు చెప్పండి. మరిచిపోతే మళ్లీ చెప్పండి.

నిమ్మళం
ఆదివారం, రాత్రి 9:50

121వ కీర్తన కూడా మొదలుపెట్టి చూడు తమ్ముడూ. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని నువ్వు ఆగు. ఆయనకు అదీ వచ్చేమో.